చెరువు మెట్లెక్కునా? జలానుక్రమ చిత్రముపై ఒక విమర్శ

వృక్షశాస్త్ర పరీక్షలలో విద్యార్థులు ఇష్టపడి వ్రాయు సమాధానములలో జలానుక్రమము ఒకటి. బొమ్మ గీయుట తేలిక. ఎడమవైపున లోతైన కొలను, అందులో కంటికి ఆనని ప్లవకములు, దాని ప్రక్కన నీట మునిగి పెరుగు మొక్కలు, ఆ ప్రక్కన ఆకులను నీటిపై పరచు కలువలు, పిదప జమ్ము, కిక్కిస, ఆపైన తుంగలు నిండిన పచ్చిక, తరువాత పొదలు, చిట్టచివర కుడివైపున అడవి. బొమ్మ క్రింద ఎడమనుండి కుడికి ఒక బాణము. ఆ బాణము గీసినవానికి పూర్తి మార్కులు వచ్చును.

కొలను కాలక్రమమున పూడుచు మెట్టు మెట్టుగా నేలయై, తుదకు అడవి యగుననియు, ప్రతి మెట్టులోని మొక్కలు తమ తరువాత రాబోవు వానికి చోటు సిద్ధపరచి తాము తొలగిపోవుననియు ఆ బాణము చెప్పుచున్నది. ఉష్ణమండలపు చిత్తడి నేలలలోని మొక్కల విషయమున ఈ మాట చాలవరకు చెల్లదు. ఇది పరీక్ష కాగితముతో ముగియు పొరపాటైనచో ఉపేక్షింపవచ్చును. కాని పాఠశాలలో నేర్చిన బొమ్మ పెద్దవారి తలలో కూడ నిలిచియుండును. ఎండిన చెరువును చూచి "ఇది చచ్చిన చెరువు" అనువారును, "ఎటులైనను పూడిపోవునదే గదా" అనువారును, "మనిషిని, గేదెను తొలగించినచో చెరువు తనంతట తాను బాగుపడును" అనువారును ముగ్గురును ఆ బాణముమీదనే నడచుచున్నారు. ఆ మూడు అభిప్రాయములవలనను కొన్ని చోట్ల మొక్కలకు నిజముగా కీడు జరిగినది.

బొమ్మ పుట్టుకను ముందుగా చూడవలెను. అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ క్లెమెంట్సు 1916లో మొక్కల అనుక్రమమును గూర్చి ఒక పెద్ద గ్రంథమును ప్రకటించెను. మొక్కల సముదాయము ఒక జీవివలె పుట్టి, పెరిగి, పరిపక్వ దశకు వచ్చుననియు, ఆ చరమ దశను ఆ ప్రాంతపు శీతోష్ణస్థితి నిర్ణయించుననియు అతని సిద్ధాంతము. అదే కాలమున ఇంగ్లండులో పియర్సల్ అను శాస్త్రజ్ఞుడు సరస్సుల అంచులను కొలిచి పటములు వ్రాసెను. ఎస్త్వైట్ అను సరస్సు అంచున మట్టి పేరుకొన్నకొలదియు రెల్లు ముందుకు జరుగుటను అతడు కొన్ని సంవత్సరముల ఎడముతో గీసిన పటములలో చూపెను. ఇది కంటితో చూచి చేసిన పని. దానిని తక్కువ చేయరాదు. భారతదేశమున జీవావరణ శాస్త్రమునకు ఆద్యుడని పేరుగన్న ఆచార్య రామ్‌దేవ్ మిశ్రా లీడ్సులో పియర్సల్ కడనే చదివి, ఇంగ్లండు సరస్సుల నీటిమొక్కలను గూర్చి 1938లో ఒక ప్రబంధము ప్రకటించెను. ఆయన బెనారసుకు తిరిగివచ్చిన పిదప 1946లో వెలువరించిన వ్యాసము పేరు గమనింపదగినది. అందు "సరస్సు" అను మాట లేదు. "పల్లపు నేలలు" అను మాట ఉన్నది. గురువుగారి దేశములోని నీరు వేరు, గంగ ఒడ్డు పల్లములలోని నీరు వేరు అని ఆ పేరే తెలుపుచున్నది. మిశ్రా గమనించిన ఆ తేడా తరువాతి పాఠ్యపుస్తకముల బొమ్మలోనికి రాలేదు.

బొమ్మకు పుట్టింటనే మొదటి చిక్కు వచ్చినది. సరస్సు అడుగున ఏటేట పేరుకొన్న బురదలో ఆయా కాలముల పుప్పొడియు, మొక్కల శిథిలములును పొరలు పొరలుగా నిలిచియుండును. వాకర్ అను శాస్త్రజ్ఞుడు బ్రిటనులోని పలు ప్రాచీన కొలనుల పొరలను పరిశీలించి 1970లో తన నిర్ణయములను ప్రకటించెను. మెట్ల వరుస అంతటను ఒకే విధముగా లేదు. కొన్నిచోట్ల మెట్లు దాటిపోయినవి, కొన్నిచోట్ల వెనుకకు తిరిగినవి. అన్నిటికంటె ముఖ్యముగా, తుది దశయందు పుస్తకములు చెప్పిన ఓక్ అడవి లేదు, స్ఫాగ్నమ్ నాచు నిండిన బురదభూమి ఉన్నది. అనగా బొమ్మలోని కుడి చివర ఇంగ్లండుకే సరిపడలేదు. అర్ధ శతాబ్దము దాటినను ఆ సవరణ అనేక తరగతిగదులకు చేరకపోవుట విచారకరము.

పొరపాటు ఎచ్చట జరిగినది? కొలను అంచున నిలిచి చూచినచో లోతునుబట్టి మొక్కలు వరుసలుగా కనబడుట నిజమే. లోతు నీటిలో హైడ్రిల్లా, అంచుకు వచ్చుసరికి కలువ, గట్టు దగ్గర తుంగ. ఇది స్థలమునందలి వరుస. ఆ వరుసను కాలమునందలి వరుసగా చదువుట ఊహ. ఒక ఇంటిలో తాత, తండ్రి, మనుమడు ప్రక్కప్రక్కన కూర్చున్నప్పుడు మనుమడు ఒకనాటికి తాత యగుననుట సరియే. కాని బడిలో ఎత్తునుబట్టి వరుసగా నిలబెట్టిన ఒకే తరగతి పిల్లలను చూచి, పొట్టివాడు క్రమముగా పొడుగువాడగునని చెప్పినచో నవ్వు వచ్చును. కొలను అంచున నిలిచినవాడు తన ఎదుట ఉన్నది ఏ వరుసయో ముందు తేల్చుకొనవలెను.

తేల్చుకొనుటకు తెలుగునాట దూరము పోనక్కరలేదు. ఊరి చెరువులో ఒక చోట ఒక కర్ర పాతి, ఆ కర్ర చుట్టు నాలుగు గజముల నేలను సంవత్సరము పొడవున చూచినచో చాలును. వర్షములకు చెరువు నిండిన పిదప, ఆశ్వయుజ కార్తికములలో అచ్చట నడుములోతు నీరుండును. నీటిలో హైడ్రిల్లా, వాలిస్నేరియా, నాజాసు. నీటిపై కలువ ఆకులు. గట్టునుండి ప్రాకివచ్చిన తూటికూర తీగలు. గాలికి కొట్టుకొనివచ్చిన అంతరతామర. పొలములకు తూములు వదలి, ఎండలు ముదిరి నీరు వెనుకకు తీయగా, అదే కర్ర మొదట బురద బయటపడును. బురద బయటపడిన పది పదునైదు దినములలో ఇంతకుముందు లేని మొలకలు కనబడును. పొన్నగంటికూర, గుంటగలగర, నీరుగొబ్బి, రకరకముల చిన్న తుంగలు, నాలుగు రేకుల ఆకుతో మార్సీలియా అను ఫెర్ను, ఎర్రని కాడలతో అమ్మానియా, రొటాలా. ఈ చిన్న మొక్కలను పూర్తిగా గుర్తించుటకు చేతి కటకము కావలెను. ఒకే చెంబుడు స్థలములో రెండు మూడు జాతులు పెనవేసికొని యుండును. ఇంకను ఎండ ముదిరి బురద పగుళ్లు వారినపుడు మూడవ జట్టు వచ్చును. నేలకు అంటుకొని ప్రాకు హంసపాదు, బూడిదరంగు నూగుతో గ్లైనస్, మాచిపత్రి, నాగదంతి. వీనికి నిలువనీరు పనికిరాదు. అయినను చెరువు కానిచోట ఇవి ఇంత విస్తారముగా పెరుగుట అరుదు. తొలకరికి ఇవి విత్తులు రాల్చి పోవును. చెరువు నిండును, మరల హైడ్రిల్లా.

బొమ్మలో మూడు మెట్లకు వేలకొలది సంవత్సరములు పట్టును. చెరువులో అవే మూడు మెట్లు ఒక్క సంవత్సరములో ఎక్కి, దిగి, మొదటికి వచ్చును. ఇచ్చట బాణము పనికిరాదు. గానుగవలె తిరుగు చక్రమును గీయవలెను. ఏ జట్టు మొక్కలును తరువాతి జట్టుకు "చోటు సిద్ధపరచుట" లేదు. చోటు సిద్ధపరచునది నీటిమట్టము. హైడ్రిల్లా దయవలన పొన్నగంటి మొలచుట లేదు. నీరు తొలగుటవలన మొలచుచున్నది.

అయినచో ఆ పొన్నగంటి విత్తు ఎచ్చటనుండి వచ్చినది? అన్నియు గాలికి, పక్షుల కాళ్లకు అంటుకొని ప్రతి సంవత్సరమును క్రొత్తగా రావు. చాలభాగము ఆ బురదలోనే ఉన్నవి. ఈ సంగతిని చార్లెస్ డార్విన్ 1859 నాటి తన "జాతుల ఉత్పత్తి" గ్రంథములోనే చూపెను. ఒక చిన్న కుంట అంచున నీటి అడుగునుండి మూడు చోట్ల మూడు పెద్ద చెంచాల బురద తీసి, తన చదువుగదిలో ఆరు నెలలు మూతపెట్టి యుంచి, మొలచిన ప్రతి మొక్కను పెరికి లెక్కపెట్టెను. ఫలహారపు గిన్నెలో పట్టునంత బురదలో 537 మొక్కలు మొలచినవి. పక్షుల కాళ్ల బురద ద్వారా విత్తనములు దూరదేశములకు పోగలవని చూపుటకు డార్విన్ ఈ పని చేసెను. కాని చిత్తడి నేలను అర్థము చేసికొనుటకు అంతకంటె చక్కని పాఠము లేదు. అయ్యది పాఠ్యపుస్తకమున జలానుక్రమము ప్రక్కన కనబడకపోవుట వింత.

ఈ విత్తనముల నిధికి ఓపిక ఎక్కువ. ఈశాన్య చైనాలో ఎండిన పాతకొలను అడుగున దొరికిన తామరగింజ ఒకటి సుమారు 1,300 సంవత్సరముల వయస్సుగలదని కర్బన పరీక్షలో తేలినది. అది మొలచినది కూడ. మార్సీలియా తన సిద్ధబీజములను చిక్కుడుగింజవంటి గట్టి పెట్టెలలో దాచి దశాబ్దములు వేచియుండగలదు. హైడ్రిల్లా బురదలో చిన్న దుంపలను విడచి తాను పోవును. నీరు లేని చెరువు ఖాళీ అయిన గాదెవలె కనబడును గాని, ధాన్యమంతయు నేలమాళిగలోనే ఉన్నది.

ఈ దృష్టితో జలానుక్రమమును తిరిగి వ్రాసిన శాస్త్రజ్ఞుడు వాన్ డెర్ వాల్క్. ఇతడు 1981లో ప్రకటించిన వ్యాసములో మూడే ప్రశ్నలు వేసెను. మొక్క ఎంతకాలము బ్రదుకును? దాని విత్తు బురదలో ఎంతకాలము నిలుచును? ఆ విత్తు మొలచుటకు నీటిక్రింద ఉండవలెనా, బయటపడిన బురద కావలెనా? ఈ మూడింటి సమాధానములు తెలిసినచో నీరు పెరిగినప్పుడు ఎవరు పోవుదురో, తరిగినప్పుడు ఎవరు వచ్చుదురో ముందుగా చెప్పవచ్చును. నీటిమట్టము ఒక జల్లెడ. జల్లెడ కన్నులు మారినప్పుడెల్ల వేరు గింజలు క్రిందికి జారును. ఇతడు పని చేసినది ఉత్తర అమెరికాలోని చల్లని మడుగులలో. అచ్చట నీరు ఎండుటకు కొన్ని సంవత్సరములు పట్టును. ఋతుపవన దేశములలో జల్లెడ ఏడాదికొకసారి తిరుగును. కనుక అతని ఆలోచన పుట్టినచోటికంటె ఇచ్చటనే బాగుగా నప్పును. క్లెమెంట్సు సిద్ధాంతమును ఎదిరించి, ప్రతి జాతియు తన దారిన తాను నడచునని 1926లోనే వాదించిన గ్లీసన్ పేరును వాన్ డెర్ వాల్క్ తన వ్యాసపు శీర్షికలోనే నిలిపెను. క్లెమెంట్సుకు పుస్తకములలో పుటలు దొరికినవి. గ్లీసనుకు తరచుగా ఒక వాక్యము మాత్రమే దొరికినది.

ఇక సంఖ్యల సంగతి. "చిత్తడి నేలలు జాతివైవిధ్యమునకు నిలయములు" అను వాక్యము ప్రతి వ్యాసములోను కనబడును. ఇది నిజమా? ప్రపంచమంతటను నిజమైన నీటిమొక్కలు, అనగా నాళికాకణజాలము గలవి, సుమారు 2,600 జాతులని 2008లో వెలువడిన ఒక గణన తెలుపుచున్నది. నాళికా మొక్కల మొత్తములో ఇది నూటికి ఒకటి మాత్రమే. అంతేకాదు, అడవిచెట్ల విషయమున ఉష్ణమండలమునకు ఉన్న గొప్ప ఆధిక్యము నీటిమొక్కలయందు మందగించును. దక్షిణ, మధ్య అమెరికాలు కలిసిన ప్రాంతమున 984 జాతులు ఉన్న మాట నిజమే. కాని భారతదేశము, ఆగ్నేయాసియాలు కలిసిన ప్రాంతమున 664 జాతులు ఉండగా, చల్లని ఉత్తర అమెరికాలోనే 644 జాతులున్నవి. తేడా ఇరువది. ఒకే చదరపు గజము నీటిలో చూచినచో ఉష్ణమండలపు మడుగులో హైడ్రిల్లా తప్ప మరేమియు కనబడకపోవచ్చును. ఆ గజమును చూచి వెళ్లిపోయినవాడు చిత్తడి నేల మొక్కలలో పేదదని వ్రాసికొనును.

సంపద ఎచ్చట ఉన్నదో అమెజాన్ నది చెప్పినది. బ్రెజిల్ దేశమున మనౌస్ నగరము వద్ద నది సంవత్సరములో సుమారు పది మీటర్లు పొంగి, తరుగును. జుంక్, పియెదాదె అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ వరదమైదానములోని చెట్లు కాని మొక్కలను లెక్కించి 1993లో ప్రకటించిరి. మొత్తము 388 జాతులు. వానిలో 330 జాతులు నేలమొక్కలు! 34 మాత్రమే నీటిమొక్కలు; మిగిలినవి అటు నిటు కానివి. నీరు తీసిన కొద్ది నెలలలో మొలచి, పూచి, గింజకట్టి, వరద వచ్చులోగా బ్రదుకు ముగించుకొనునవే ఆ మైదానపు మొక్కల సంపదలో నూటికి ఎనుబదియైదు పాళ్లు. వరదకాలమున మాత్రమే పడవలో పోయి లెక్కవ్రాసిన విజ్ఞానవేత్త ఈ సంపదలో అత్యధిక భాగమును చూడకుండగనే తిరిగివచ్చును.

అందువలన తేదీ లేని జాబితా నమ్మదగినది కాదు. రాజస్థానులోని కేవలాదేవ్ జాతీయోద్యానవనమున 379 జాతుల పూమొక్కలు ఉన్నవని చెప్పుదురు. ఆ సంఖ్యను విడిగా చదివినవాడు అవన్నియు నీటివద్దివని తలచును. వానిలో చిత్తడి నేలకు చెందినవి 96. మిగిలినవి గట్లమీద, పొదలలో, పొడినేలమీద పెరుగునవి. సంఖ్యలో అబద్ధము లేదు; కాని అది ఏ నేలను, ఏ నెలను లెక్కించినదో చెప్పనిచో నిజము కూడ పూర్తిగా లేదు. కుక్ 1996లో వెలువరించిన భారతదేశపు నీటిమొక్కల గ్రంథము ఈ విషయమున ఆదర్శప్రాయము. ఏటికొకసారి నీరు నిలిచి ఆరిపోవు తావుల మొక్కలను కూడ అతడు నిలువనీటి మొక్కలతో సమానముగా చేర్చుకొనెను. ఆ గ్రంథము ఇంగ్లీషులో ఉండుటయు, ఖరీదు ఎక్కువగుటయు మాత్రమే చిన్న పాఠశాలల పాలిట లోపములు.

కేవలాదేవ్ పేరు వచ్చినది గనుక అచ్చటి కథను కొంచెము విస్తరింపవలెను. ఈ ఉద్యానవనము కర్కటరేఖకు ఉత్తరముగా ఉన్నది. అయినను దాని నీరు ఋతుపవనపు నీరే. సుమారు 29 చదరపు కిలోమీటర్ల ఈ పల్లము సహజముగా ఏర్పడిన సరస్సు కాదు; పూర్వపు భరత్‌పూర్ పాలకులు కట్టించిన అజాన్ కట్టనుండి నీరు వదలుటవలన ఏర్పడినది. తరతరములుగా చుట్టుప్రక్కల గ్రామముల గేదెలు అందులో మేసినవి. 1982లో దీనిని జాతీయోద్యానవనము చేసి మేతను నిషేధించిరి. గ్రామస్థులు ఎదిరించిరి, కాల్పులు జరిగినవి, కొందరి ప్రాణములు పోయినవి. నిషేధమునకు ఆధారమైన తలంపు పాఠ్యపుస్తకపు తలంపే: జోక్యము తొలగించినచో ప్రకృతి తన దారిని తాను పట్టును.

దారి పట్టినది, కాని ఎవరును కోరిన దారి కాదు. గేదెలు లేకపోవుటతో పాస్పాలమ్ డిస్టికమ్ అను ప్రాకెడు గడ్డి నీటిపై దట్టమైన చాపవలె అల్లుకొనినది. క్రింద నీటికి వెలుతురు లేదు. కలువలకు చోటు లేదు. దుంపలు త్రవ్వుకొను పక్షులకు ఆధారము లేదు. 1980 నుండి పదేండ్లు అచ్చట పరిశోధన చేసిన బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు, విజయన్ నాయకత్వమున 1991లో సమర్పించిన నివేదికలో, మేత నిషేధము చిత్తడి నేలకు హాని చేసినదని వ్రాసిరి. గేదెలను తొలగింపవలెనని తొలుత కోరినవారిలో ప్రకృతి ప్రియులే ఉండిరి. తమ అభిప్రాయమునకు విరుద్ధముగా వచ్చిన ఫలితమును దాచక ప్రకటించుట శాస్త్రమునకు గౌరవము. తరువాత గ్రామస్థులను లోనికి రానిచ్చి గడ్డి కోసికొనుటకు అనుమతించిరి.

అచ్చముగా ఉష్ణమండలములో, కోస్టారికా దేశమున పాలో వెర్దె అను చోట కూడ ఇట్లే జరిగినది. తెంపిస్కే నది ఒడ్డున ఉన్న ఆ చిత్తడి నేల వానకాలమున నిండి, వేసవిలో ఎండును. పూర్వము అది పశువుల ఎస్టేటు. జాతీయోద్యానవనమైన పిదప పశువులను తొలగించిరి. 1980 దశకము ముగియునప్పటికి జమ్ము నేలలో అత్యధిక భాగమును కప్పివేసినది. పశువులు పోవుటయే ఏకైక కారణమని చెప్పుట తొందరపాటగును. చుట్టుప్రక్కల నీటిపారుదలవలన నీటి రాకపోకలు కూడ మారినవి. మరల పశువులను తెచ్చినను, ముదిరిన జమ్మును అవి అణచలేకపోయినవి. అప్పుడు అచ్చటివారు చేసిన పని తెలుగు రైతుకు వింతగా తోచదు. ట్రాక్టరుకు ఇనుప దమ్ముచక్రములు తగిలించి, నీటిలో జమ్మును త్రొక్కించి దమ్ము చేసిరి! కాడలు నీటిక్రింద విరిగి, వేళ్లకు గాలి అందక జమ్ము చచ్చినది. బురదలో దాగియున్న విత్తనములు మొలచి, మొక్కల వైవిధ్యము తిరిగి పెరిగినదని 2011లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది. ఎండకాలపు మొక్కలు ఎండకాలమున, నీటికాలపు మొక్కలు నీటికాలమున వచ్చినవి. ఎక్కడనుండియు నారు తెచ్చి నాటలేదు.

ఈ రెండు ఉదాహరణములవలన గేదె ఎల్లప్పుడును మేలు చేయునని అనుకొనరాదు. అతిమేత నేలను గట్టిపరచి, రుచిగల మొక్కలను తుడిచివేయును. జమ్ము, పాస్పాలమ్ వంటివి వేరుకాండముతో ప్రాకి, నీడతో తక్కినవానిని చంపునవి. వానిని ఎండయో, మేతయో, కొడవలియో అప్పుడప్పుడు తగ్గించుచుండవలెను. పాఠ్యపుస్తకపు బొమ్మలో కొడవలి లేదు, గేదె లేదు, తూము లేదు. చివరకు వేసవికాలము కూడ లేదు.

ఆ బొమ్మలో కొలనుకు ఒకే గట్టు ఉన్నది. కొల్లేటికి ఎన్ని గట్లు? సముద్రమట్టమునకు పది అడుగుల ఎత్తుగీత వరకు నీరు వచ్చినచో కొల్లేరు 901 చదరపు కిలోమీటర్లు. అయిదడుగుల గీతవద్ద 308. మూడడుగుల గీతవద్ద 135. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమనున్న ఈ పల్లములోనికి బుడమేరు, తమ్మిలేరు వంటి ఏరులు నీరు తెచ్చును. ఉప్పుటేరు సముద్రమునకు తీసికొనిపోవును. 1999లో అయిదడుగుల గీత వరకు దీనిని వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడి నేలగా గుర్తించిరి. చేపల చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున తొలగించిరి. 2008లో అభయారణ్యపు హద్దును అయిదు నుండి మూడడుగుల గీతకు తగ్గింపవలెనని రాష్ట్ర శాసనసభ తీర్మానించినది. దీనిని పరిశీలించుటకు ఆచార్య అజీజ్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము తగ్గింపు తగదని చెప్పినది.

కాగితముమీద రెండడుగులు. నేలమీద 173 చదరపు కిలోమీటర్లు. జీవనోపాధి కోల్పోవువారి మొరను తేలికగా తీసికొనరాదు. ఆ ప్రశ్న వృక్షశాస్త్రముతో తీరునది కాదు. వృక్షశాస్త్రము చెప్పగలది ఒక్కటి ఉన్నది. ఏటేట మునిగి తేలు నేల ఆ రెండడుగులలోనిదే. తుంగ, నీరుగొబ్బి, మార్సీలియా, అమ్మానియాలు కాపురముండునది ఆ అంచుననే. నడిమి మూడడుగుల గీత లోపలి నీటిని మాత్రమే సరస్సుగా ఎంచి, అంచును "సరస్సు కాని నేల"గా వదలినచో, కలువలను కాపాడి తక్కిన వృక్షజాలమును చాలవరకు వదలుకొనినట్లగును. చేపల చెరువు గట్టు నిలువుగా ఉండును, లోన సంవత్సరమంతయు నీరు నిలుచును. అంచు లేదు, ఆరుట లేదు. నీరు ఎంత ఉన్నను అందులో మొక్కల చక్రము తిరుగదు. నీరు ఉన్నంతమాత్రమున చిత్తడి నేల బాగున్నదను భ్రమ విద్యావంతులలో కూడ ఎక్కువ.

పూడిక తీయుటలోను ఇట్టి ఆలోచన కొంత కావలెను. 2015లో తెలంగాణలో మొదలైన మిషన్ కాకతీయ వంటి పథకములలో చెరువుల ఒండ్రుమట్టిని తీసి పొలములకు తోలుట జరిగినది. పొలమునకు బలము, చెరువుకు లోతు. ఆచారము కూడ పాతదే. కాని విత్తనముల నిధిలో మొలచుటకు వీలైన భాగము ఎక్కువగా బురద పైపొరలోనే ఉండును. చెరువు మొత్తమును ఒకేసారి గీకుటకు బదులు, ప్రతి పర్యాయము కొంత భాగమును తాకక విడచినచో, అచ్చటి విత్తులు తక్కిన చెరువును మరల నింపగలవు.

జలానుక్రమ చిత్రమును పూర్తిగా చింపివేయవలెనని దీని అర్థము కాదు. లోతును అనుసరించి మొక్కల శరీరనిర్మాణము ఎట్లు మారునో చూపుటకు అది నేటికిని మంచి బొమ్మ. హైడ్రిల్లా ఆకు పలుచదనము, తామర కాడలోని గాలిగదులు, జమ్ము నిటారుతనము, ఇవన్నియు దానిమీద వ్రేలుపెట్టి చెప్పవచ్చును. బాణము తీసివేసి, క్రింద మెట్లకు బదులు పండ్రెండు నెలలు వ్రాసి, నీటిమట్టమును ఎత్తుపల్లముల గీతగా గీసినచో బొమ్మ చాలవరకు బాగుపడును. ఏ నెలలో ఏ మొక్క ఉన్నదో విద్యార్థులే చెరువునుండి నింపవచ్చును. అట్టి రెండు చెరువుల పటములు ఒకదానితో ఒకటి సరిపోలవు. పరీక్షాధికారులకు ఇది ఇబ్బంది, విద్యార్థులకు కాదు.

డార్విన్ చేసిన పనిని ఉన్నతపాఠశాలలో చేయుటకు మూడు మట్టిమూకుళ్లు చాలును. వైశాఖమున చెరువు ఎండిన తరువాత పది చోట్ల, రెండంగుళముల లోతు మించకుండ మట్టి తీసి, వేళ్లను దుంపలను ఏరివేసి, అంతయు కలుపవలెను. కడిగి వేడిచేసిన ఇసుకను మూడు మూకుళ్లలో పోసి, రెండింటిలో ఆ మట్టిని అంగుళము మందమున పరువవలెను. మొదటి మూకుటిని రోజును తడుపుచు నీరు నిలువకుండ చూడవలెను. రెండవదానిలో మట్టిపై రెండంగుళముల నీరు ఎల్లప్పుడు నిలిపియుంచవలెను. మూడవది ఉత్త ఇసుక, దానిని తడిపిన చాలును. మూడింటిపైన పలుచని గుడ్డ కట్టి వెలుతురుగల చోట ఉంచి, మొలకలను వారమునకొకసారి లెక్కించి, గుర్తుపట్టినవానిని పెరికి, తేదీతో వ్రాసికొనవలెను. రెండు నెలలలో మొదటి రెండు మూకుళ్ల జాబితాలు వేరువేరుగా తేలును. మూడవ మూకుటిలో మొలక కనబడినచో అది గాలితోనో నీటితోనో వచ్చిన విత్తు. ఆ జాతిని లెక్కనుండి తీసివేయవలెను.